ఇంట్లో పాట రికార్డింగు: మైకు కన్నా ముందు గది

(తిరుపతిలో సంగీత విద్యార్థులు, భజన బృందాల గాయనీగాయకులు కలుసుకున్న ఒక సాయంకాల సభలో ఒక సౌండ్ ఇంజనీరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెట్టాం. తడబాట్లు మాత్రమే తీసివేశాం.)

సభలో ఉన్న పెద్దలకు, గురువులకు, విద్యార్థులకు నమస్కారం. ఇంట్లో పాట రికార్డు చేసుకోవడానికి ఏ మైకు కొనాలో చెప్పమని నన్ను పిలిచినవారు అడిగారు. చెబుతాను, తప్పకుండా చెబుతాను. అయితే ఆ మాట ప్రసంగం మధ్యలో వస్తుంది. ఎందుకంటే ఇంట్లో చేసిన రికార్డింగు ఎక్కడెక్కడ చెడిపోతుందో వరుస పెడితే మైకు నాలుగో స్థానంలోనో ఐదో స్థానంలోనో ఉంటుంది. మొదటిది గది. రెండోది నోటికీ మైకుకూ మధ్య దూరం. మూడోది చుట్టూ ఉన్న చప్పుడు. ఈ మూడూ కుదిరితే ఐదారు వేల రూపాయల మైకు కూడా మీ గొంతును మీ గొంతుగానే పట్టుకుంటుంది. ఈ మూడూ కుదరకపోతే లక్ష రూపాయల మైకు మీ గది లోపాలన్నిటినీ ఇంకా స్పష్టంగా పట్టుకుంటుంది. "మిక్సింగులో చూసుకుందాంలే" అనే మాట ప్రతి ఇంట్లోనూ వింటాను. మిక్సింగు అంటే రికార్డు చేసినవాటిని తరువాత సర్ది కలపడం. అందులో పెంచగలం, తగ్గించగలం, పక్కకు జరపగలం. పాటలో కలిసిపోయిన గదిని మాత్రం విడదీయలేం. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇంట్లో పాడుకునే పాటకు ఇంత పట్టింపు ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. తిరుపతిలో కూర్చుని ఆ ప్రశ్న వేసుకుంటే జవాబు కొండ మీదే దొరుకుతుంది. అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో దాచారు. దాదాపు 14,000 సంకీర్తనలు మనకు దక్కాయని చెబుతారు. సంకీర్తనకు రాగం పేరు రాసి ఉంది, స్వరం మాత్రం లేదు. ఆయన ఏ నడకలో పాడారో, ఏ సంగతి, అంటే ఒకే పాదాన్ని మార్చి పాడే తీరు, ఎక్కడ వేశారో రేకులో ఎక్కడా లేదు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు వాటిని మళ్లీ స్వరపరచవలసి వచ్చింది. అక్షరం నిలిచింది, నాదం నిలవలేదు. ఆనాడు నాదాన్ని పట్టే సాధనమే లేదు. ఈనాడు ప్రతి ఇంట్లోనూ ఉంది. మీ అమ్మమ్మ పాడే మంగళహారతి, మీ ఊరి ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరిగినప్పుడు పద్దెనిమిది రోజులూ వినిపించే హరికథ, రాత్రి వీధినాటకం పద్యాలు, వీటిలో ఎన్నింటికి స్వరలిపి ఉంది? ఎన్నింటికి మంచి రికార్డింగు ఉంది? ఉన్నవాటిలో మాట తెలిసేవి ఎన్ని? ఇది నా మనసులో ఎప్పుడూ మెదిలే బాధ. అందుకే ఈ పట్టింపు.

ఇక గది సంగతికి వస్తాను. ఇప్పుడు నేను ఒకసారి చేతులు చరుస్తాను, వినండి. విన్నారా? చప్పుడు ఆగిన తరువాత చివర గణగణమని ఒక తోక వినిపించింది. ఎదురెదురు గోడల మధ్య ధ్వని అటూ ఇటూ కొట్టుకోవడం వల్ల వచ్చిన తోక అది. ఈ రాత్రి ఇంటికి వెళ్లి, మీరు పాడుకునే గదిలో నడుమ నిలబడి ఇలాగే చరిచి చూడండి. మన ఇళ్లు ఎలా ఉంటాయి? కొర్లగుంటకు వెళ్లినా, బైరాగిపట్టెడకు వెళ్లినా పూత పూసిన ఇటుక గోడలు, పైన శ్లాబు, కింద గ్రానైటో టైల్సో. ఆరు వైపులా గట్టి తలాలే. ఎండకు, వానకు, తుడుచుకోవడానికి చాలా మంచి ఇల్లు. పాటకు మాత్రం చాలా కష్టమైన ఇల్లు. అందులో చేసిన రికార్డింగు వింటే బిందెలో నోరు పెట్టి పాడినట్టు ఉందని మీరే అంటారు.

అలా ఎందుకు ఉంటుందో లెక్క కట్టి చూపిస్తాను, ఓపిక పట్టండి, ఇది తెలిస్తే మిగిలినదంతా సులువు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది. రెండు గోడల మధ్య దూరం పది అడుగులు అనుకుందాం, అంటే మూడు మీటర్ల పైచిలుకు. ఆ దూరానికి సరిగ్గా అమరే ధ్వని సుమారు 56 హెర్ట్జ్, అంటే సెకనుకు 56 కంపనాలు. దాని తరువాతిది 112 హెర్ట్జ్, ఆపైన 168. ఈ మెట్ల దగ్గర గది తానే మోగుతుంది. ఇప్పుడు మన సంగీతంలోకి రండి. ఒకటి శ్రుతిలో (పాశ్చాత్యుల సి) పాడే పురుషుడి మధ్య షడ్జమం, అంటే స, సుమారు 131 హెర్ట్జ్. ఆయన మంద్రంలోకి, అంటే కింది స్థాయిలోకి దిగి చతుశ్రుతి ధైవతం పట్టుకుంటే అది 110 హెర్ట్జ్. అంటే పది అడుగుల గది మోగే చోటికి ఆనుకునే ఉంది. ఆయన అన్ని స్వరాలనూ సమంగానే పాడతారు, రికార్డింగులో ధైవతం మాత్రం హోరుమంటుంది. విన్నవారు గొంతులో దోషం ఉందనుకుంటారు. దోషం గొంతుది ఎంతమాత్రం కాదు, గదిది. గది పొడవు పది, వెడల్పు పది, ఎత్తు కూడా పదే అయితే మూడు దిక్కులూ ఒకే చోట మోగుతాయి, అంతకన్నా చెడ్డ గది ఉండదు. అందువల్ల ఇంట్లో రెండు గదులు ఉంటే చదరంగా ఉన్నదాన్ని వదిలి, పొడవు వెడల్పులు తేడాగా ఉన్నదాన్ని ఎంచుకోండి. సరిగ్గా గది మధ్యలో కూర్చోకండి, మూలలో అసలే కూర్చోకండి.

గోడలకు ఏం చెయ్యాలి? గుడ్ల అట్టలు అతికించమని చాలామంది చెబుతారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఆ అట్టకు మందం లేదు, బరువు లేదు. పై స్థాయి చప్పుడును అది కొంచెం చెదరగొడితే కొట్టవచ్చు, హోరును ముట్టుకోనైనా ముట్టుకోదు. బజారులో దొరికే అంగుళం మందం నల్ల ఫోము కూడా అంతే. అది తీగలాంటి పై ధ్వనిని మింగేసి, కింది హోరును అలాగే వదిలేస్తుంది, దానితో గది ఇంకా మబ్బుగా వినిపిస్తుంది. హోరును తాగడానికి మందం కావాలి, మందం ఒక్కటే దారి. 100 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు మూడున్నర మీటర్లకు దగ్గరగా ఉంటుంది, దాన్ని అంగుళం ఫోము ఎలా ఆపుతుంది? నాలుగు అంగుళాల మందం రాక్‌వూల్ (రాతి నార) పలకలను చెక్క చట్రంలో బిగించి, పైన నూలు గుడ్డ కప్పి, గోడకు నాలుగు అంగుళాలు ఎడంగా నిలబెడితే మంచి ఫలితం వస్తుంది. చట్రం చేసేటప్పుడు చేతులకు తొడుగు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి, ఆ నార ఒంటికి గుచ్చుకుంటుంది.

అంత ఖర్చు ఇప్పుడే వద్దు అంటే, ఇంట్లో ఉన్నదాన్నే వాడండి. దూది పరుపు ఉందా? బూరుగు దూది పరుపు అయితే ఇంకా మంచిది. దాన్ని లేపి గోడకు ఆనించి నిలబెట్టండి. ఏ గోడకు? ఈ ప్రశ్న దగ్గర అందరూ పొరబడతారు. మైకు వెనక ఉన్న గోడకు పరుపు కడతారు. మైకు చూసేది ఎటు? మీ ముఖం వైపు. మీ ముఖం వైపు చూస్తున్న మైకుకు ఎదురుగా కనిపించేది మీ వీపు వెనక ఉన్న గోడ. కాబట్టి మొదటి పరుపు మీ వీపు వెనక ఉండాలి. రెండో పరుపు ఉంటే పక్క గోడకు. కింద జంపఖానా పరిచి, దాని మీద రెండు మడతల బొంత వెయ్యండి. చీరలతో నిండుగా ఉన్న అల్మారా తలుపులు బార్లా తెరిచి పెట్టండి, అది కూడా ధ్వనిని తాగుతుంది. ఇలా సర్దాక మళ్లీ చేతులు చరిచి చూడండి. తోక పోయిందా? పోయేదాకా సర్దండి.

ఇంకొక్క మాట. పరుపు గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తుంది కానీ బయటి చప్పుడును ఆపదు. ఈ రెండింటినీ కలపకండి. బయటి చప్పుడును ఆపేది గోడ బరువు, తలుపు బరువు, సందులు మూసుకోవడం. తలుపు కింద అర అంగుళం సందు ఉంటే గోడ ఎంత మందం ఉన్నా వీధి లోపలికి వచ్చేస్తుంది. ఆ సందులో తడి తువ్వాలు చుట్టి పెట్టడం చిన్న పనే, ఫలితం మాత్రం పెద్దది.

మన ఊళ్లో నిశ్శబ్దం ఎప్పుడు దొరుకుతుంది? తెల్లవారుజామున అనుకుంటాం. ఆ వేళకు గుళ్ల మైకుల్లో సుప్రభాతం మొదలవుతుంది, అలిపిరి వైపు బస్సులు కదులుతాయి, రైలు కూతలు వినిపిస్తాయి. పది గంటల దాకా కుక్కర్ల విజిళ్లు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, మళ్లీ రాత్రి పదకొండు దాటాక, ఈ రెండు వేళలే మాకు చాలా ఇళ్లలో కుదిరాయి. మీ వీధి లెక్క మీరు వేసుకోండి, ఒక వారం పాటు గంట గంటకూ ఫోనులో అరనిమిషం రికార్డు చేసి వింటే తెలిసిపోతుంది. ఫ్యాను ఆపాలి. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో ఫ్యాను ఆపమంటే ఎలా అని మీరు అడుగుతారని నాకు తెలుసు. పది నిమిషాలు ఆపి పాడండి, తరువాత తలుపు తీసి, ఫ్యాను వేసుకుని, నీళ్లు తాగి మళ్లీ కూర్చోండి. ఉక్కపోతలో గంట సేపు పాడితే గొంతు అలసిపోయిన సంగతి రికార్డింగులో తెలిసిపోతుంది. ఫ్రిజ్ శబ్దం వస్తుంటే దాన్ని ఆపి, మళ్లీ వెయ్యడం మరిచిపోకుండా మీ బండి తాళాలు అందులో పెట్టండి.

చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో వెతకడం కూడా ఒక విద్య. బైరాగిపట్టెడలో ఒక మృదంగం విద్యార్థి ఇంట్లో ఎడమ మూత మీద గుంకీ, అంటే జారుతూ మోగే దెబ్బ, పడినప్పుడల్లా సన్నని జిర్రు వినిపించేది. కేబుల్ మార్చాం, మైకు మార్చాం, మృదంగం ఎడమ మూతకు పూసే రవ్వ ముద్దను మార్చి రాసి చూశారు. చివరకు అందరినీ కదలవద్దని చెప్పి, ఆ అబ్బాయిని అదే దెబ్బ మళ్లీ మళ్లీ వెయ్యమని, నేను చెవి ఆనించుకుంటూ గదంతా తిరిగాను. పక్క గదిలో ఉక్కు బీరువా మీద పెట్టిన స్టీలు పళ్లెం ఆ దెబ్బకు అదిరి బీరువా రేకుకు తగులుతోంది. పళ్లెం కింద గుడ్డ మడత పెట్టాం, జిర్రు ఆగిపోయింది. ఇలాంటివాటిని మిక్సింగులో ఎవరూ తీయలేరు. మృదంగం రికార్డు చేసే ముందు ఇంట్లో ఉన్న స్టీలు సామాను, కిటికీ రెక్కలు, తగిలించిన ఫోటో పటాలు అన్నీ ఒకసారి చేత్తో తట్టి చూడండి.

మైకు, దూరం

ఇప్పుడు మైకు. ఇళ్లలో వాడేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి డైనమిక్ మైకు, రెండోది కండెన్సర్ మైకు. సభల్లో చేతిలో పట్టుకుని పాడే మైకు డైనమిక్. 1966లో వచ్చిన షూర్ ఎస్ఎం58 ఇప్పటికీ ఆ రకానికి కొలమానంగా నిలిచి ఉంది. అది దగ్గరి ధ్వనిని బాగా పట్టుకుని దూరపు ధ్వనిని అంతగా పట్టించుకోదు. కండెన్సర్ మైకుకు ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె) నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇవ్వాలి. అది సున్నితమైనది. గొంతులోని గాలిని, గమకంలో మెరిసే చిన్న స్వరాన్ని, వీణ మీద వేలు జారే ధ్వనిని కూడా పట్టుకుంటుంది. అదే చేత్తో పక్కింటి మిక్సీని కూడా పట్టుకుంటుంది. కాబట్టి నా సలహా ఇది. గదిని సర్దడానికి వీలు లేనివారు, వీధి వైపు గది తప్ప వేరే లేనివారు డైనమిక్ మైకు కొనండి. పరుపులు, బొంతలు, వేళ అన్నీ కుదిరినవారు పెద్ద డయాఫ్రం (ధ్వనికి అదిరే పొర) ఉన్న కండెన్సర్ కొనండి. రెండు మైకులు తగిలించగల ఇంటర్‌ఫేస్ పది నుంచి ఇరవై వేల రూపాయల మధ్య దొరుకుతుంది. ఫోకస్‌రైట్ స్కార్లెట్ వంటివి చాలామంది వాడుతున్నారు, పనిచేస్తాయి. కంప్యూటర్లో రికార్డు చేయడానికి ఆడాసిటీ ఉచితం. రీపర్‌ను 60 రోజులు ఉచితంగా వాడి చూసుకుని తరువాత కొనుక్కోవచ్చు. సాఫ్ట్‌వేరు గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు, ఏది చేతికి అలవాటైతే అదే మంచిది.

దూరం గురించి మాత్రం చాలా చెప్పాలి. మీరు చాప మీద కూర్చుని పాడుతున్నారు. నోరు నేలకు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంది. మైకు అంతే ఎత్తులో, నోటికి అడుగు దూరంలో ఉంది. మీ గొంతు నేరుగా మైకుకు చేరడానికి ఒక అడుగు నడుస్తుంది. అదే గొంతు నేల మీద పడి పైకి లేచి మైకుకు చేరడానికి సుమారు ఐదు అడుగులు నడుస్తుంది. అంటే నేల నుంచి వచ్చే నకలు అసలు కన్నా పద్నాలుగు డెసిబెల్స్ తక్కువగా ఉంటుంది, పెద్దగా బాధించదు. ఇప్పుడు మైకును మూడు అడుగుల దూరానికి జరపండి. నేరు దారి మూడు అడుగులు, నేల దారి ఆరు అడుగులకు కొంచెం తక్కువ. తేడా ఆరు డెసిబెల్స్ కూడా లేదు. నకలు అసలులో సగం బలంతో, కొంచెం ఆలస్యంగా వచ్చి కలుస్తుంది, రెండూ కలిసి కొన్ని స్వరాలను పెంచి కొన్నింటిని మింగేస్తాయి. మైకు అదే, గొంతు అదే, గది అదే. మారినది రెండు అడుగులు. ఇది నమ్మకపోతే ఇంట్లో చేసి వినండి, ఒకే పల్లవిని అడుగు దూరంలో ఒకసారి, మూడు అడుగుల దూరంలో ఒకసారి పాడి పక్కపక్కన పెట్టుకోండి.

అయితే మరీ దగ్గరగా వెళ్లవచ్చా? ఒకే వైపు వినే మైకుకు నాలుగు అంగుళాల దగ్గరికి వెళితే కింది ధ్వని కృత్రిమంగా పెరుగుతుంది, గొంతు బరువుగా వినిపిస్తుంది. "ప", "భ" దగ్గర ఊపిరి డప్పుమని కొడుతుంది. ఆరు నుంచి పది అంగుళాల దూరం, మధ్యలో ఊపిరి దెబ్బను ఆపే తెర, అంటే పాప్ ఫిల్టర్, మైకు నోటికి సూటిగా కాకుండా రెండు అంగుళాలు పైన ఉండి గడ్డం వైపు వంగి చూడడం, ఇది కర్ణాటక గాత్రానికి నాకు ఎక్కువసార్లు సరిపోయిన అమరిక. ఇప్పుడు నేను ముఖం పక్కకు తిప్పి మాట్లాడుతున్నాను, వెనక కూర్చున్నవారికి మాట మసకబారిందా? తాళం చూసుకోవడానికి తల వంచినా, పుస్తకం చూడడానికి పక్కకు తిరిగినా మీ పాటకు ఇదే జరుగుతుంది. సాహిత్యం కాగితాన్ని మైకు వెనక, కంటి ఎత్తులో పెట్టుకోండి. తారస్థాయిలోకి వెళ్లేటప్పుడు నడుము నుంచి కొంచెం వెనక్కు ఒరగండి. 1925 ప్రాంతంలో విద్యుత్ మైకులు వచ్చేదాకా గ్రామఫోను రికార్డులు చేసింది లోహపు బాకా ముందు పాడించే. పెంచడానికి తగ్గించడానికి మీట ఏదీ లేదు. గట్టిగా పాడేటప్పుడు వెనక్కు, మెల్లగా పాడేటప్పుడు ముందుకు, గాయకులే దూరంతో మిక్సింగు చేశారు. ఆ అలవాటు ఈనాటికీ అంతే విలువైనది.

స్థాయి ఎంత పెట్టాలని అడుగుతారు. 24 బిట్లలో రికార్డు చెయ్యండి. మీరు ఎంత గట్టిగా పాడినా సూది మైనస్ పది డెసిబెల్స్ దాటకుండా గెయిన్, అంటే మైకు ధ్వనిని పెంచే మీట, పెట్టండి. ఎర్రదీపం వెలిగిందంటే ఆ స్వరం తల తెగిపోయినట్టే, దాన్ని తిరిగి అతికించలేం. సరళీ స్వరాలు పాడి గెయిన్ పెట్టకండి, పాటలో అన్నిటికన్నా పైన ఉన్న సంగతిని పూర్తి గొంతుతో పాడి పెట్టండి. సెకనుకు 48,000 నమూనాలు చాలు. వీడియోకు అదే కావాలి, మనిషి చెవి వినగల 20,000 హెర్ట్జ్‌ల దాకా అది పట్టుకుంటుంది.

శ్రుతి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇతర సంగీతాల పుస్తకాల్లో ఇది ఉండదు. ఎలక్ట్రానిక్ తంబురాను పక్కన పెట్టుకుని పాడితే దాని నాదం మీ మైకులో పడుతుంది. తరువాత ఒక చరణం మళ్లీ పాడి అతికించాలంటే అతుకు దగ్గర తంబుర తెగినట్టు వినిపిస్తుంది. కాబట్టి తంబురాను ముందే విడిగా ఒక ట్రాకులో రికార్డు చేసుకుని, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోనులో వింటూ పాడండి. ఒక చెవి తెరిచి పాడే అలవాటు ఉన్నవారు ఆ తెరిచిన వైపు హెడ్‌ఫోనును చెంపకు నొక్కి మూసి ఉంచండి, లేకుంటే అక్కడి నుంచీ తంబుర కారుతుంది. వయొలిన్‌వారు వేరొక రోజు వచ్చి వాయించినా అదే తంబుర ట్రాకును వినాలి, వారి ఫోనులోని శ్రుతిని కాదు. మీ గొంతు మీకు హెడ్‌ఫోనులో ఆలస్యంగా వినిపిస్తే సాఫ్ట్‌వేరులో బఫర్, అంటే ధ్వనిని కొంత కొంతగా పోగుచేసి పంపే అర, తగ్గించండి. 128 నమూనాల బఫరుకు ఆలస్యం మూడు మిల్లీ సెకన్లలోపే, 1024 పెడితే ఇరవై మిల్లీ సెకన్లు దాటుతుంది, కాలప్రమాణం చేజారుతుంది.

మృదంగానికి రెండు మైకులు ఉంటే చెరో మూతకు అడుగు దూరంలో పెట్టండి, రెండు మైకుల మధ్య కనీసం మూడు అడుగులు ఉండాలి. ఒకే మైకు ఉంటే ఎదురుగా రెండు అడుగుల దూరంలో, ఎడమ మూత వైపుకు కొంచెం ఒరిగి. వీణకు బ్రిడ్జి పైన అడుగు ఎత్తులో, మెట్ల వైపు చూస్తూ. నాదస్వరం ఇంటి గదిలో వద్దు, మేడ మీద రికార్డు చేసుకోండి.

కరెంటు హమ్ గురించి ఒక్క మాట. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, దాని గుంయ్‌మనే మోత 50, 100, 150ల దగ్గర వినిపిస్తుంది. ముందు ల్యాప్‌టాప్ ఛార్జరు తీసి చూడండి, చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఇన్వర్టరు మీద నడుస్తుంటే రికార్డింగు ఆపండి. ఫోనును విమానం మోడ్‌లో పెట్టి పక్క గదిలో ఉంచండి.

మిక్సింగు

ఇక మిక్సింగు. గదిలో చేయవలసిన పని చేశారు కాబట్టి ఇక్కడ పని తక్కువే ఉంటుంది. మొట్టమొదట ఏ ఫిల్టరూ వెయ్యకుండా ఫేడర్లు, అంటే ఒక్కొక్కరి స్థాయిని పెంచి తగ్గించే మీటలు, మాత్రమే కదిపి, గొంతు, వయొలిన్, మృదంగం, తంబుర ఎవరు ఎంత ఉండాలో కుదర్చండి. దీనికే సగం సమయం పెట్టండి. గొంతు మధ్యలో, వయొలిన్ కొంచెం కుడికి, మృదంగం కొంచెం ఎడమకు, కచేరీలో ఎదురుగా కూర్చున్నవారికి వినిపించినట్టే.

గొంతు కింద ఉన్న అనవసరపు గుడగుడను కోసేయడానికి హై పాస్ ఫిల్టరు వేస్తారు. అంతర్జాలంలో చూసి 100 హెర్ట్జ్ దగ్గర, కొందరు 120 దగ్గర పెట్టేస్తున్నారు. ఆగండి. ఒకటి శ్రుతిలో మంద్ర పంచమం ఎక్కడ ఉంది? 98 హెర్ట్జ్ దగ్గర. మీ కత్తి దాని మీదే పడింది. ఆ గాయకుడు మంద్రంలోకి దిగడానికి ఏళ్ల తరబడి తెల్లవారుజామున సాధన చేసి ఉంటాడు, మనం ఒక్క మీటతో ఆ సాధనను తీసేస్తున్నాం. ఆయనకు 70 దగ్గర పెట్టండి, అదీ మెల్లని వాలుతో. ఐదు శ్రుతిలో పాడే గాయనికి మంద్ర పంచమం 147 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది కాబట్టి 100 దగ్గర పెట్టినా నష్టం లేదు. అంకె పుస్తకంలో నుంచి రాదు, శ్రుతిలో నుంచి వస్తుంది.

గొంతు మబ్బుగా ఉంటే 200 నుంచి 400 హెర్ట్జ్‌ల మధ్య రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి చూడండి. మాట స్పష్టంగా లేకపోతే 3,000 దగ్గర కొంచెం పెంచండి. స, శ, ష లు చెవిలో గుచ్చుకుంటే 5,000 నుంచి 8,000 మధ్య ఆ చప్పుడును తగ్గించే డీ ఎస్సర్ వెయ్యండి. గట్టి ధ్వనిని తనంతట తాను తగ్గించే కంప్రెసర్‌ను రెండు లేదా మూడుకు ఒకటి నిష్పత్తిలో పెట్టి, గట్టి సంగతుల దగ్గర మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గితే చాలు. అంతకు మించితే కార్వ, అంటే నిలిపి పట్టిన స్వరం, చివర మెల్లగా ఆరిపోవలసిన నాదం ఆరిపోకుండా ఉబ్బి నిలబడుతుంది, ఊపిరి తీసుకునే చప్పుడు పాటకు సమానంగా పైకి వస్తుంది. కంప్రెసర్ కన్నా ముందు ఫేడరును చేత్తో కదిపి పాట వెంట నడవండి. మెల్లని మాటను అర డెసిబెల్ ఎత్తండి, గట్టి సంగతిని ఒక డెసిబెల్ దించండి. ఓపిక ఉన్నవారికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

శ్రుతిని సరిదిద్దే సాఫ్ట్‌వేరు గురించి గట్టిగా చెబుతాను. దాన్ని మన సంగీతం మీద ఉన్నదున్నట్టు వదలకండి. అది ప్రతి ధ్వనినీ పన్నెండు మెట్లలో దగ్గరి మెట్టుకు లాగుతుంది. తోడి రాగంలోని గాంధారం ఒక మెట్టు మీద నిలబడి ఉంటుందా? అది ఊగుతుంది, ఊగడమే దాని రూపం. ఆ ఊపును సాఫ్ట్‌వేరు తప్పుగా లెక్కగట్టి చదును చేస్తుంది. స్వరం మిగులుతుంది, తోడి మిగలదు. శ్రుతి తప్పిన చోట మళ్లీ పాడండి, సాధన చేసి మళ్లీ పాడండి. విద్యార్థులు ఈ ఒక్క మాట నా కోసం గుర్తుపెట్టుకోండి.

ప్రతిధ్వని, అంటే రివర్బ్, చివర వెయ్యండి. గుడి మంటపంలో పాడినట్టు ఉండాలని ఐదారు సెకన్ల తోక తగిలిస్తారు, మాటలన్నీ అందులో మునిగిపోతాయి. సెకనున్నర చాలు. గొంతుకూ తోకకూ మధ్య ఇరవై ముప్పై మిల్లీ సెకన్ల ఎడం ఇవ్వండి, మాట ముందు నిలబడుతుంది. తోకలో 250 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కోసేయండి. రివర్బ్ ఉందని వినేవారికి తెలిస్తే ఎక్కువైనట్టు, తీసేస్తే ఏదో లోటుగా ఉంటే సరిపోయినట్టు.

పూర్తయిన పాటను హెడ్‌ఫోనులో ఒక్కదానిలోనే విని తృప్తి పడకండి. ఫోను స్పీకరులో వినండి, కారులో వినండి, పక్క గదిలో నుంచి తలుపు ఓరగా వేసి వినండి. పక్క గదిలో నుంచి సాహిత్యం తెలుస్తోందంటే మీ గొంతు స్థాయి సరిగ్గా ఉంది. యూట్యూబులో పెట్టేటప్పుడు గట్టిగా వినిపించాలని లిమిటరుతో, అంటే పై కొనలను అణిచే సాధనంతో, నొక్కవద్దు. యూట్యూబు సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (ధ్వని ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) కన్నా గట్టిగా ఉన్నదాన్ని తానే తగ్గించేస్తుంది. మీరు నొక్కి పెంచినదంతా వృథా, పోయిన సూక్ష్మత మాత్రం తిరిగి రాదు. పై కొనను మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆపండి.

ఇప్పుడు పరికరాలు ఏవీ లేనివారికి, పల్లెలో ఉన్న అవ్వల పాటలు రికార్డు చేయాలనుకునేవారికి. ఫోను చాలు. ధ్వనిని కుదించకుండా వేవ్ ఫైలుగా దాచే యాప్ వేసుకోండి, స్థాయిని తనంతట తాను పెంచి తగ్గించే ఏర్పాటు ఉంటే ఆపండి. అవ్వ చెవులకు హెడ్‌ఫోను తగిలించకండి, కంగారు పడతారు. ఆమె రోజూ కూర్చునే చోటే కూర్చోబెట్టండి, వెనక బొంత ఆరవేయండి, ఫోనును మడిచిన తువ్వాలు మీద ఆమె ఛాతీకి అడుగు దూరంలో పెట్టండి. బల్ల మీద నేరుగా పెడితే బల్ల అదురు వస్తుంది. "ఇంకొకసారి పాడవ్వా" అని మధ్యలో ఆపకండి, పాట అయ్యాక అడగండి. చరణాలు మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టినా రికార్డు నడుస్తూనే ఉండాలి, ఎందుకంటే ఆ రెండోసారి కొన్నిసార్లు వేరే పాఠం వస్తుంది, అది ఇంకెక్కడా దొరకదు.

రికార్డు మొదట్లో మీ గొంతుతోనే వారి పేరు, ఊరు, తేదీ, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పండి. తరువాత అరనిమిషం ఎవరూ మాట్లాడకుండా గదిని అలాగే రికార్డు చెయ్యండి, చప్పుడు తగ్గించే పనికి ఆ నిశ్శబ్దం నమూనాగా కావాలి. మిక్స్ చేసినదానితో పాటు అసలు ఫైలును కూడా ముట్టుకోకుండా దాచండి. ఎంపీత్రీగా మార్చినదాన్ని అసలు అనుకోకండి. రెండు వేర్వేరు డిస్కుల్లో, ఇంకొకటి వేరే ఇంట్లో, మొత్తం మూడు నకళ్లు ఉండాలి. ఫైలు పేరులో పాడినవారి పేరు, రాగం తెలిస్తే రాగం, శ్రుతి, సంవత్సరం రాయండి. "కొత్తది ఒకటి", "ఫైనల్ రెండు" అని రాస్తే పదేళ్ల తరువాత మీ పిల్లలకు అందులో ఏముందో తెలియదు. ఇక మీ ప్రశ్నలు అడగండి, ముందు వరుసలో ఉన్న అమ్మ ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తి ఉన్నారు, మైకు వారికి ఇవ్వండి.